పాత బాయిలరు కొన్నారా? నిప్పు పెట్టే ముందు మట్టం చూడండి
పెరటిలో నీళ్ల బాయిలరును ఇంట్లోనే బాగుచేసుకొనే విధానం

ధనుర్మాసం వచ్చిందంటే గోదావరి జిల్లాల పల్లెల్లో తెల్లవారుజామున పెరటి మూలల నుంచి పొగ లేస్తుంది. వంటింట్లోకి గ్యాసు పొయ్యి వచ్చి చాలా కాలమైంది. 1999లో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం, 2016లో కేంద్రం తెచ్చిన ఉజ్వల పథకం వల్ల పేదల ఇళ్లకు కూడా సిలిండరు చేరింది. అయినా ఇంటిల్లిపాది స్నానాలకు గ్యాసు మీద నీళ్లు కాచుకొనే ఇళ్లు తక్కువే. కొబ్బరి డొక్కలు, చిప్పలు, మట్టలు పెరట్లోనే దొరుకుతుంటే సిలిండరు ఎవరు ఖర్చు చేస్తారు? అందుకే రాగి బాయిలరుకు పల్లెలో ఇంకా పని పోలేదు.

కొత్త రాగి బాయిలరు ధర సామాన్యుడికి అందేది కాదు. పట్నంలో కరెంటు గీజరు పెట్టించుకొన్నవారు పాత బాయిలర్లను సామాను కొట్టుకు వేస్తుంటారు. అక్కడ తూకం లెక్కన కొని తెచ్చుకొని బాగుచేసుకొంటే మరో పదేళ్లకు పైగా పనిచేస్తాయి. అయితే కొనేటప్పుడు చూడవలసినవి, ఇంట్లో చేసుకోగలిగినవి, కంచరి మేస్త్రికే వదలవలసినవి వేరువేరు. ఈ తేడా తెలియకపోతే కొన్న డబ్బు బూడిదపాలు కావడమే కాకుండా ఒంటి మీదికీ రావచ్చు.

బాయిలరు లోపల ఏముంది?

పైకి పీపాలా కనిపించే బాయిలరు నడుమ నిలువునా ఒక గొట్టం ఉంటుంది. ఆ గొట్టం అడుగున ఇనప చువ్వల జాలీ, దాని కింద బూడిద పళ్లెం ఉంటాయి. జాలీ మీద నిప్పు మండితే మంట, పొగ గొట్టం గుండా పైకి పోతాయి. గొట్టం చుట్టూ ఉన్న నీళ్లు ఆ వేడిని పీల్చుకొంటాయి. మామూలు పొయ్యి మీద పెట్టిన కాగుకు అడుగున మాత్రమే వేడి తగులుతుంది, మిగతా మంట పక్కల నుంచి పోతుంది. బాయిలరులో మంట చుట్టూ నీళ్లే ఉంటాయి గనుక వంటచెరకు కలిసివస్తుంది.

ఇరవై లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు కాచడానికి 700 కిలో కేలరీల వేడి చాలు. బాగా ఎండిన కట్టె కిలోకు సుమారు 3,500 కిలో కేలరీలు ఇస్తుంది. అంటే వేడి అంతా నీటికే పడితే పావు కిలో కట్టె కూడా అక్కర లేదు. వాడకంలో దానికి కొన్ని రెట్లు ఎందుకు ఖర్చవుతుందంటే, పచ్చి కట్టె, పూడిపోయిన జాలీ, గొట్టానికి పట్టిన మసి, లోపల పేరుకొన్న సున్నపు పొర తలా కొంత మింగేస్తాయి గనుక.

బాయిలర్లు రెండు రకాలు. మొదటిది కుళాయి రకం. తిప్పితే వేడినీళ్లు వస్తాయి. రెండోది కొమ్ము రకం. గరాటులో ఒక చెంబు చన్నీళ్లు పోస్తే అవి అడుగుకు దిగి, పైన తేలి ఉన్న వేడినీళ్లను కొమ్ము గుండా బయటకు తోస్తాయి. చన్నీళ్లు పోయనిదే వేడినీళ్లు రావు. కాబట్టి ఈ రకం వాడకంలో ఖాళీ అయ్యే ప్రమాదం లేదు. పాతకాలపు మేస్త్రీలు ఎంత ముందుచూపుతో దీన్ని చేశారో కింది సంగతి చదివితే అర్థమవుతుంది.

నీళ్లే దానికి ప్రాణం

రాగి కరగాలంటే 1,085 డిగ్రీల వేడి కావాలి. కాని రాగి రేకులను అతికించిన మాటు సంగతి వేరు. తగరం, సీసం కలిపిన మాటు దాదాపు 190 డిగ్రీల దగ్గరే కరిగి కారిపోతుంది. కొబ్బరి చిప్పల మంట 600 డిగ్రీలు దాటుతుంది. మరి అతుకు ఎలా నిలుస్తోంది? రేకుకు అవతలి వైపు నీళ్లు ఉన్నాయి గనుక. నీళ్లు ఎంత మరిగినా 100 డిగ్రీలు దాటవు. రేకు వేడిని అవి ఎప్పటికప్పుడు లాగేసుకొంటాయి. కాగితపు దొన్నెలో నీళ్లు పోసి దీపం మీద పట్టుకొంటే నీళ్లు వేడెక్కుతాయి గాని దొన్నె అంటుకోదు. ఇదీ అంతే.

నీళ్లు లేకుండా నిప్పు వేస్తే కొద్ది నిమిషాల్లోనే మాటు ఊడిపోతుంది. పాత సామాను కొట్లలో కనిపించే కారుడు బాయిలర్లలో చాలా వాటికి ఈ గతే పట్టి ఉంటుంది. కుళాయి రకంలో అయితే ఒకరి తర్వాత ఒకరు నీళ్లు పట్టుకొనిపోయి, పోసేవారు లేక ఈ ముప్పు వస్తుంది. ఒక బకెట్టు వేడినీళ్లు తీసే ముందు ఒక బకెట్టు చన్నీళ్లు పోయడం ఇంటిల్లిపాదికీ అలవాటు కావాలి.

కొనేటప్పుడు నాలుగు పరీక్షలు

కొట్టుకు వెళ్లేటప్పుడు జేబులో చిన్న అయస్కాంతం వేసుకొని వెళ్లండి. రాగికి, ఇత్తడికి అయస్కాంతం అంటుకోదు. అంటుకొందంటే లోపల ఇనప రేకు, పైన రాగి పూత మాత్రమే అని అర్థం. కాళ్లు, జాలీ ఇనపవైతే తప్పు లేదు. పీపాకు, గొట్టానికి మాత్రం అంటుకోకూడదు.

రెండో పరీక్ష గొట్టానిది. బూడిద పళ్లెం తీసి కింది నుంచి టార్చిలైటు వేసి చూడండి. మంట నేరుగా తగిలేది జాలీకి పైన జానెడు మేర. అక్కడ బొటనవేలితో నొక్కితే రేకు లొంగుతుంటే అది అరిగిపోయిందన్న మాట. అలాంటి దాన్ని వాడకానికి కొనవద్దు.

మూడోది అతుకులు. వెనకటి మరమ్మతుల మాట్లు ఒకటి రెండు చోట్ల కనిపిస్తే ఫరవాలేదు. గొట్టం చుట్టూరా ముద్దముద్దలుగా మాటు ఉంటే దాన్ని ఎవరో నీళ్లు లేకుండా కాల్చారని తెలుసుకోవాలి.

నాలుగోది నీళ్ల పరీక్ష. కొట్టువాణ్ని ఒప్పించి నిండా నీళ్లు పోయించి, అడుగున పొడి బూడిద చల్లి, అరగంట ఆగి చూడండి. తడిసిన చోట బూడిద రంగు మారి పట్టిస్తుంది. గొట్టం లోపలి భాగాన్ని మళ్లీ టార్చితో చూస్తే కారే చుక్క మెరుస్తుంది.

ముందు శుభ్రం, తర్వాత మరమ్మతు

ఇంటికి తెచ్చాక మొదటి పని మసి వదిలించడం. పొడవాటి కర్రకు కొబ్బరి పీచు గట్టిగా కట్టి గొట్టంలో పైకీ కిందికీ ఆడిస్తే మసి రాలుతుంది. సుత్తితో కొట్టి రాల్చబోతే మాట్లు బీటలు వారతాయి.

లోపల తెల్లగా పేరుకొన్నది సున్నపు పొర. బోరు నీళ్లు వాడిన బాయిలర్లలో ఇది దళసరిగా ఉంటుంది. చింతపండు పులుసు చిక్కగా పిసికి నీళ్లలో కలిపి నింపి రాత్రంతా ఉంచితే మెత్తబడుతుంది. పొర మందంగా ఉంటే రెండు మూడు సార్లు చేయాలి. మరుగుదొడ్లు కడిగే ఆసిడ్డు పోస్తే పొర త్వరగా పోతుందని కొందరు దాన్ని వాడతారు. అది మాటునూ, లోపలి కళాయినీ కూడా తినేస్తుంది. దాని ఆవిరి ఊపిరితిత్తులకు చేటు. పచ్చగా పట్టిన చిలుము కూడా చింతపండుకే వదులుతుంది. చిలుము విషం గనుక తోమిన తర్వాత నీళ్లు మార్చి మార్చి మూడు నాలుగు సార్లు కడగాలి.

శుభ్రం చేశాక మళ్లీ నిండా నీళ్లు పోసి చూడండి. సున్నపు పొర ఇంతకాలం మూసి ఉంచిన సన్నరంధ్రాలు ఇప్పుడు బయటపడవచ్చు. కారే ప్రతి చోటా సుద్దముక్కతో గుర్తు పెట్టండి.

ఏది మీరు చేయవచ్చు?

కుళాయి కారడం అన్నిటికన్నా తేలిక పని. కారేది కుళాయి నోటి నుంచి అయితే లోపలి వాషరు అరిగినట్టు. వేడికి తట్టుకొనే వాషరు అని అడిగి తెచ్చి మార్చండి. కారేది కుళాయి పీపాలోకి దిగిన మర దగ్గరైతే, నీళ్లు తీసేసి కుళాయి విప్పి, మరను తుడిచి, ప్లంబర్లు వాడే తెల్లటి టేపును మర బిగిసే దిశలో పది చుట్లు చుట్టి బిగించండి. బిగించేటప్పుడు మరను మాటు వేసి నిలిపిన కంకణాన్ని రెండో పానాతో పట్టుకోవాలి. లేకుంటే కుళాయితోపాటు కంకణమూ తిరిగి మాటు విడిపోతుంది.

జాలీ కాలి వంగిపోయి ఉంటే 8 మిల్లీమీటర్ల ఇనప చువ్వ ముక్కలతో కొత్తది చేయించుకోవచ్చు. చువ్వకూ చువ్వకూ నడుమ వేలు పట్టేంత సందు ఉండాలి. సందు తక్కువైతే బూడిద దిగక గాలి ఆడదు, పొగ ఎక్కువవుతుంది. సందు మరీ ఎక్కువైతే నిప్పు కణికలు కాలకుండానే పళ్లెంలో పడతాయి.

పీపా బయటి వైపు అతుకులో చిన్న కారుడు ఉంటే, చేయి తిరిగినవారు ఇంట్లోనే మాటు వేసుకోవచ్చు. అన్నిటికన్నా ముందు నీళ్లన్నీ వంచేసి, ఎండలో ఒక పూట ఆరబెట్టి, మూత, కుళాయి రెండూ తెరిచి ఉంచాలి. మూసిన పాత్రలో నీటి చుక్కలు మిగిలి ఉండగా వేడి చేస్తే ఆవిరి పుట్టి అతుకు పేలుతుంది. ఆ తర్వాత అతుకు చుట్టూ రెండు వేళ్ల వెడల్పున ఉప్పు కాగితంతో రుద్దాలి. రాగి కొత్త పైసలా తళతళలాడే దాకా రుద్దకపోతే మాటు అంటదు. దాని మీద నవాసాగరం గాని, మాటు వేసే మందు గాని పూయాలి. బ్లోలాంపు మంటను రేకుకు పట్టాలి గాని మాటు కడ్డీకి పట్టకూడదు. రేకు తగినంత వేడెక్కినప్పుడు కడ్డీ తాకిస్తే మాటు తనంత తానే కరిగి అతుకు సందులోకి పాకుతుంది. కడ్డీని మంటలో కరిగించి చుక్కలుగా వేస్తే పైపైన ముద్దలా నిలుస్తుంది, వారం తిరక్కుండా ఊడుతుంది. చల్లారేదాకా కదపవద్దు, నీళ్లు చల్లవద్దు. ఈ పనంతా ఆరుబయటే చేయాలి. పిల్లలు దగ్గరలో ఉండకూడదు. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. మాటులో సీసం ఉన్నది.

ఏది మేస్త్రికి వదలాలి?

నడిమి గొట్టం అతుకు కారితే ఇంట్లో ప్రయత్నించవద్దు. ముఖ్యంగా అడుగున, జాలీ దగ్గర అతుకు నిప్పుకు నేరుగా ఎదురుగా ఉంటుంది. దానికి మామూలు మాటు చాలదు. ఇత్తడి కరిగించి అతికే గట్టి అతుకు కావాలి. అది గ్యాసు మంట, అనుభవం రెండూ ఉన్న కంచరి మేస్త్రి పని. ఇత్తడి సామానుకు పేరుపడ్డ తణుకు సమీపంలోని అజ్జరం వంటి ఊళ్లలో ఈ పని తెలిసినవారు ఉన్నారు. రెండు ముద్దలు కలిపి అతికించే జిగురు మందు చన్నీళ్ల డబ్బాకు పనికివస్తుందేమో గాని, నిప్పు తగిలే చోట మాడి రాలిపోతుంది.

నిలబెట్టడమే అసలు పని

మరమ్మతు ఎంత బాగా చేసినా బాయిలరు ఒరిగి నిలిస్తే ఫలితం దక్కదు. నలభై లీటర్ల బాయిలరులో నీళ్ల బరువే 40 కిలోలు. అడుగున సన్నటి కాళ్లు ఉంటాయి. ఆ బరువంతా కాళ్ల కొసల మీద పడితే మెత్తటి నేల కుంగుతుంది. స్నానపు నీళ్లు పారే పెరటి నేల మెత్తబడటానికి ఎంతో సేపు పట్టదు. మరుగుతున్న నీళ్లతో ఆ బరువు పక్కకు ఒరిగితే ఏమవుతుందో చెప్పనక్కర లేదు.

ఒరిగితే వచ్చే మరో నష్టం కంటికి కనపడదు. కొమ్ము రకం బాయిలరులో నీళ్లు కొమ్ము అంచు దాకానే నిలుస్తాయి. పీపా అడ్డకొలత 40 సెంటీమీటర్లు అనుకొందాం. కొమ్ము వైపు 2 సెంటీమీటర్లు కిందికి ఒరిగిందంటే నడుమ గొట్టం దగ్గర నీళ్లకూ పై రేకుకూ మధ్య 1 సెంటీమీటరు ఎడం పెరుగుతుంది. గొట్టాన్ని పై రేకుకు అతికిన మాటు ఉన్నది సరిగ్గా ఆ చోటే. దానికి నీళ్ల తోడు తప్పుతుంది. చిప్పలు వేసి మంట ఎగదోసిన రోజున ఆ మాటు మెత్తబడుతుంది. పై అతుకు మాటిమాటికీ ఊడుతోందంటే తప్పు మేస్త్రిది కాకపోవచ్చు, నేలది కావచ్చు.

బాయిలరు నిలిపే చోట జానెడు లోతు మట్టి తీసి, ఇసుక పోసి, నీళ్లు చల్లి దిమ్మిస కొట్టండి. పైన నాపరాయి పలక గాని, ఇటుకల వరుస గాని పరవండి. పలక మీద రసమట్టం పెట్టి చూడండి. ఊళ్లో ఏ తాపీ మేస్త్రిని అడిగినా ఒక పూటకు ఇస్తాడు. రసమట్టాన్ని ఒకసారి తూర్పు పడమరలుగా, మరోసారి ఉత్తర దక్షిణాలుగా పెట్టాలి. రెండు వైపులా బుడగ నడుమ నిలిస్తేనే మట్టం సరిపోయినట్టు. అది దొరక్కపోతే అంచున్న పళ్లెంలో నీళ్లు పోసి పలక మీద పెట్టండి. నీళ్లు అంచుకు నాలుగు వైపులా ఒకే ఎత్తున ఉండాలి.

తర్వాత ఖాళీ బాయిలరును పలక మీద ఉంచి పై అంచు పట్టి మెల్లగా ఊపండి. మూడు కాళ్లదైతే ఊగదు. కాని కాళ్ల ఎత్తులో తేడా ఉంటే ఊగకుండానే ఒరుగుతుంది. నాలుగు కాళ్లదైతే ఏ కాలు పొట్టిదో ఊపగానే తెలుస్తుంది. పొట్టి కాలి కింద ఇనప బిళ్ల గాని, పలుచటి రాతి ముక్క గాని పెట్టండి. చెక్క పేడు, కొబ్బరి డొక్క పెడితే రాలిన నిప్పుకు కాలిపోయి ఒకనాడు బాయిలరు ఒక్కసారిగా కూలబడుతుంది. దారానికి గుండు కట్టి పీపా పక్కన వేలాడదీసి, దారానికీ పీపాకూ నడుమ పైన ఎంత సందు ఉందో కింద కూడా అంతే ఉందా అని రెండు వైపుల నుంచి చూడాలి.

ఇంతటితో అయిపోలేదు. నిండా నీళ్లు పోసి ఒక రాత్రి అలాగే ఉంచి పొద్దున మళ్లీ గుండు పట్టి చూడండి. నేల కుంగేది బరువు పడ్డాకే. వానాకాలం వెళ్లాక ఏటా ఒకసారి ఈ పరీక్ష చేయాలి.

తొలి నిప్పు

మొదటి రోజు చిన్న మంటతో మొదలుపెట్టండి. నిప్పు వేసిన కాసేపటికి గొట్టం లోపల చెమట పట్టి బూడిద పళ్లెంలో టపటపా చుక్కలు పడవచ్చు. కంగారుపడి మళ్లీ మరమ్మతుకు తీసుకుపోనక్కర లేదు. కట్టెలోని తేమ ఆవిరై చల్లని గొట్టానికి తగిలి నీరు కావడమే ఇది. నీళ్లు వేడెక్కగానే ఆగిపోతుంది. నీళ్లు కాగాక కూడా చుక్కలు పడుతుంటే అప్పుడు అతుకు కారుతున్నట్టు లెక్క.

బాయిలరును స్నానాల గదిలో పెట్టి తలుపు వేసుకోవడం ప్రాణాంతకం. బొగ్గులు, నిప్పు కణికలు గాలి చాలక మండితే కార్బన్ మోనాక్సైడు అనే వాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తల తిరిగినట్టయ్యే లోపే మనిషిని పడేస్తుంది. చలికి గదిలో కుంపటి పెట్టుకొని తలుపులు బిగించుకొనే వారికీ ఇదే ముప్పు. బాయిలరు చోటు ఆరుబయటే. తాటాకు పాకకు, గడ్డివాముకు దూరంగా ఉంచి, గొట్టం పైన ఇనప వల మూత పెడితే నిప్పురవ్వలు ఎగరవు. ప్లాస్టిక్ సంచులు, పాత చెప్పులు అందులో వేయకూడదు.

ఈ నీళ్లు స్నానానికే. అతుకుల్లో సీసం ఉంటుంది గనుక వంటకూ, తాగడానికీ, పసిపిల్లల పాలు కలపడానికీ వాడవద్దు. 60 డిగ్రీల నీళ్లు కొద్ది సెకన్లలోనే చర్మాన్ని కాలుస్తాయి. పిల్లలకు పోసే బకెట్టులో ముందు చన్నీళ్లు, తర్వాత వేడినీళ్లు పోయడం మంచిది. కొమ్ము ఎదుట పిల్లలను నిలబడనివ్వకూడదు. స్నానాలు ముగిశాక నిప్పు పూర్తిగా ఆరేదాకా బాయిలరు నిండుగానే ఉండాలి.

గొట్టం పూర్తిగా అరిగిపోయిన రోజున కూడా రాగి బాయిలరు దండగ కాదు. తూకానికి వేస్తే లోహం విలువ చేతికొస్తుంది. అంతవరకూ అది కోరేది మూడే: మట్టమైన చోటు, ఏడాదికొకసారి మసి, సున్నం వదిలించడం, నిప్పు ఉన్నంతసేపూ నిండా నీళ్లు. మొదటి రెంటినీ ఒకరు చూసుకొన్నా సరిపోతుంది. మూడోది మాత్రం ఇంట్లో ప్రతి ఒక్కరూ గుర్తుంచుకోవాలి.